అడ్రస్ మారిన కెమికల్ నీళ్లు

పటాన్‌చెరు మీద పడిన వాన నేల వాలును బట్టి ఇసుకవాగులోకో నక్కవాగులోకో జారుతుంది. అక్కడి నుంచి మంజీరలోకి, కందకుర్తి దగ్గర గోదావరిలోకి పోతుంది. ముప్పై కిలోమీటర్ల ఇవతల హైదరాబాద్‌లో పడిన వాన దారి వేరు. అది మూసీలో చేరి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ రెండు నదుల నీళ్లను విడదీసే మిట్టను 2009 ప్రాంతంలో ఒక పైపు దాటింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని సుమారు 18 కిలోమీటర్ల పైపులైన్‌తో హైదరాబాద్ డ్రైనేజీ మెయిన్‌లో కలిపి, అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి పంపడం మొదలైంది. గోదావరి వైపు పుట్టిన వ్యర్థం కృష్ణ వైపు మళ్లింది.

కాగితం మీద ఇది సమస్యకు పరిష్కారం. పటాన్‌చెరు వాగుల్లోకి పోయే నీరు తగ్గుతుంది, నగరపు మురుగులో కలిసి పలచబడుతుంది, పెద్ద ప్లాంటులో శుద్ధి అవుతుంది. కానీ వ్యర్థాన్ని తరలించడం వేరు, దాన్ని లేకుండా చేయడం వేరు. ఈ ప్రాంతం యాభై ఏళ్ల చరిత్రలో ఎక్కువగా జరిగింది మొదటిదే. ఫ్యాక్టరీ గోడ దాటించడం, ఊరు దాటించడం, చివరికి నదీ పరివాహకమే దాటించడం. ప్రతిసారీ వ్యర్థం అడ్రస్ మారింది, స్వభావం మారలేదు.

నీళ్లలో ఏముంది

1960లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ బాలానగర్‌లో మందుల తయారీ మొదలుపెట్టింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1970లలో వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి పేరుతో మెదక్ జిల్లాలో పారిశ్రామికవాడలు వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఆ తర్వాత గడ్డపోతారం, కాజీపల్లి. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాంతం దేశానికి బల్క్ డ్రగ్ రాజధాని అయింది. వేలమందికి ఉద్యోగాలొచ్చాయి. ప్రపంచమంతటా పేదలు కొనుక్కోగలిగిన ధరకు మందులొచ్చాయి. ఈ మేలు చిన్నది కాదు, దాన్ని మరిచిపోయి మాట్లాడటం న్యాయమూ కాదు.

బల్క్ డ్రగ్ అంటే మాత్రలో ఉండే అసలు మందు. మాత్రను అచ్చువేయడం పొడిపొడి పని. అందులోని మందును తయారుచేయడం మాత్రం పూర్తిగా రసాయన వంట. ఒక ముడి రసాయనాన్ని రియాక్టర్‌లో వేసి, సాల్వెంట్‌లో కరిగించి, వేడిచేసి, చల్లార్చి, వడగట్టి, కడిగి, మళ్లీ ఇంకో రియాక్టర్‌లో వేస్తారు. ఇలా ఐదారు దశలు, ఒక్కోసారి పదికి పైగా. ప్రతి దశలోనూ పనికొచ్చేది కొంత ముందుకు పోతుంది, పనికిరానిది కొంత మిగులుతుంది. గ్రీన్ కెమిస్ట్రీ నిపుణులు చాలాకాలంగా చెబుతున్న అంచనా ప్రకారం ఒక కిలో మందు తయారైతే 25 నుంచి 100 కిలోల వ్యర్థం పుడుతుంది. పెట్రోల్ శుద్ధి కర్మాగారాల్లో ఈ నిష్పత్తి కిలోకు వంద గ్రాముల లోపే. మందుల పరిశ్రమ పొగగొట్టాలు చిన్నవే అయినా దాని కాలువ ఎందుకంత బరువైనదో ఈ లెక్కతో తెలుస్తుంది.

ఆ కాలువలో పారేదంతా ఒకే రకం నీరు కాదు. మందును స్ఫటికాలుగా వేరుచేశాక మిగిలే ద్రవాన్ని ఫ్యాక్టరీల్లో మదర్ లిక్కర్ అంటారు. అందులో ఉప్పులు, సాల్వెంట్లు, చర్య పూర్తికాని రసాయనాలు, కొంత మందు కూడా ఉంటాయి. పరిశ్రమ భాషలో ఇది హై టీడీఎస్ నీరు. అంటే కరిగిన లవణాలు విపరీతంగా ఉన్న నీరు. రియాక్టర్ కడిగిన నీరు, ఫ్లోర్ కడిగిన నీరు, కూలింగ్ టవర్ నుంచి వదిలే నీరు వంటివి లో టీడీఎస్. మొదటిది తక్కువ పరిమాణం, ఎక్కువ ప్రమాదం. రెండోది ఎక్కువ పరిమాణం, తక్కువ ప్రమాదం. ఈ రెండింటినీ పుట్టినచోటే విడిగా పట్టుకోవడం వ్యర్థాల నిర్వహణలో అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా ముఖ్యమైన పని. రెండూ ఒకే సంపులో కలిసిన మరుక్షణం పది ట్యాంకర్ల సమస్య వంద ట్యాంకర్ల సమస్య అవుతుంది. ఇంట్లో తడిచెత్తలో ఒక బ్యాటరీ పడితే బుట్టెడు ఎరువుకు పనికిరాకుండా పోయినట్టే.

మొదటి దశాబ్దాల్లో ఈ విడదీత సంగతి ఎవరికీ పట్టలేదు. వ్యర్థజలం వాగుల్లోకి, కుంటల్లోకి పోయింది. ఇస్నాపూర్ చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు, బొల్లారం అసానికుంట వంటి పేర్లు కాలుష్య నివేదికల్లోకి ఎక్కాయి. బావుల్లో నీరు రంగు మారింది. వరి పొట్టకు రాకుండానే ఎండింది. వాగులో నీళ్లు తాగిన పశువులు చనిపోయాయి. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల జబ్బులకూ, ఆ ఊళ్ల నీళ్లకూ సంబంధం ఉందని గొంతెత్తి, దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే పర్యావరణ సంస్థ వేసిన పిటిషన్‌తో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు పరిహారం ఇవ్వాలనీ, కాలుష్యం బారిన పడిన ఊళ్లకు తాగునీరు అందించాలనీ కోర్టు ఆదేశించింది. కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. పాతికేళ్లు దాటి నడిచిన వ్యాజ్యం అది. అన్నేళ్లలో ఒక తరం రైతులు భూములు అమ్ముకున్నారు, లేదా సాగు మానుకున్నారు.

పరిహారం గురించి ఒక మాట చెప్పుకోవాలి. నష్టపోయిన పంటకు డబ్బివ్వడం న్యాయమే. కానీ ఆ డబ్బు చేతులు మారినప్పుడు బావిలోని నీరు మారలేదు. కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలనే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్రీ కేసులో గట్టిగా చెప్పింది. అందులో నష్టపరిహారంతో పాటు నేలనూ నీటినీ తిరిగి బాగుచేసే ఖర్చు కూడా కలిసి ఉంది. ఆచరణలో మొదటి సగమే తొందరగా వినిపిస్తుంది.

బ్యాక్టీరియాను చంపే నీటిని బ్యాక్టీరియాతో కడగడం

చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ సొంత శుద్ధి ప్లాంటు పెట్టుకోలేవు కాబట్టి, అందరికీ కలిపి ఒకటి పెట్టాలన్న ఆలోచనతో ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. వీటినే సీఈటీపీలు అంటారు. పటాన్‌చెరులో పటాన్‌చెరు ఎన్విరోటెక్ పేరుతో 1994లో ఏర్పాటైన కేంద్రం అలాంటిదే. కంపెనీల నుంచి ట్యాంకర్లలో నీరు వస్తుంది. దాన్ని పెద్ద ట్యాంకులో కలిపి, ఆమ్లం క్షారం సరిచేసి, బురద తేర్చి, ఆ తర్వాత గాలి కొట్టే ట్యాంకులోకి పంపుతారు. అసలు పని జరిగేది అక్కడే. కోటానుకోట్ల బ్యాక్టీరియా నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినేస్తాయి. తిన్నాక అవి బురదగా అడుగుకు చేరతాయి. పైన తేరిన నీటిని బయటకు వదులుతారు.

ఊరి మురుగునీటికి ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే అందులో ఉండేదంతా బ్యాక్టీరియాకు తిండే. మందుల కంపెనీల నీటిలో ఇబ్బంది మూడు రకాలుగా వస్తుంది. లవణాలను ఏ బ్యాక్టీరియా తినదు, వచ్చిన ఉప్పు వచ్చినట్టే బయటికి పోతుంది. సాల్వెంట్లలో కొన్ని తినేలోపే ఆవిరై చుట్టుపక్కల గాలిలో కలుస్తాయి. ఆ ప్రాంతంలో సాయంత్రం పూట ముక్కుకు తగిలే ఘాటు వాసనకు ఇదీ ఒక కారణం. మూడోది అన్నిటికన్నా తీవ్రమైనది. బ్యాక్టీరియాను చంపడానికి తయారుచేసిన పదార్థాన్ని శుద్ధి చేసే బాధ్యత ఆ బ్యాక్టీరియాకే అప్పగిస్తున్నాం.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల నీటిని తీసుకునే పటాన్‌చెరు కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని వారు పరీక్షించారు. శుద్ధికి ముందు నీరు కాదు, శుద్ధి అయ్యాక వదిలిన నీరు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. సిప్రో మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు. అంటే చికిత్స పొందుతున్న మనిషి రక్తంలో కన్నా శుద్ధి ప్లాంటు కాలువలో మందు పది రెట్లు చిక్కగా ఉంది. ప్లాంటు రోజుకు వదిలే నీరు సుమారు 15 లక్షల లీటర్లు. గుణిస్తే రోజుకు దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్. అప్పటి స్వీడన్‌లో తొంభై లక్షల జనం ఐదు రోజులు వాడే మొత్తం అది. ఒక్క సిప్రోనే కాదు, బీపీకి వాడే లొసార్టాన్, మెటోప్రొలాల్, జలుబుకు వేసుకునే సిట్రిజిన్ కూడా మిల్లీగ్రాముల లెక్కలోనే కనిపించాయి. రెండేళ్ల తర్వాత అదే పరిశోధకులు చుట్టుపక్కల చెరువులు, బావులు పరీక్షించారు. శుద్ధి కేంద్రం నీటితో నేరుగా సంబంధం లేని ఒక చెరువులోనూ సిప్రో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఊరి బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ప్లాంటులోని బ్యాక్టీరియాకు బలం సరిపోక, తిండి కోసం ఊరి మురుగునీటిని కూడా తెచ్చి కలిపేవారు. సాంకేతికంగా అది మామూలు పద్ధతే, పుస్తకాల్లో ఉన్నదే. కానీ మురుగునీటిలో ఉండేది మనుషుల పేగుల్లోని బ్యాక్టీరియా. దాన్ని యాంటీబయాటిక్ నిండిన ట్యాంకులో వేసి, గాలి కొట్టి, రోజుల తరబడి ఉంచితే ఏమవుతుంది? చచ్చేవి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. బతికిన బ్యాక్టీరియా తమకున్న నిరోధక జన్యువులను పక్కవాటికి అందిస్తాయి. ఒక జాతి బ్యాక్టీరియా నుంచి వేరే జాతికి కూడా ఈ జన్యువులు దాటగలవు. 2013లో ఈ కేంద్రంలోనే సేకరించిన 93 బ్యాక్టీరియా రకాలపై చేసిన మరో అధ్యయనంలో 86 శాతం రకాలు 20 గానీ అంతకు మించి గానీ యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. నీటిని శుభ్రం చేయడానికి కట్టిన ట్యాంకు మందులకు లొంగని బ్యాక్టీరియాకు పెంపకశాల అయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. మురుగునీటి కోసం పుట్టిన పద్ధతిని, అందులో ఏముందో చూడకుండా, మందుల నీటికి వాడిన ఫలితం.

ఈ నష్టం చేపలు చచ్చినట్టు కంటికి కనబడదు. ఎక్కడో ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కు రెండో మందు, మూడో మందు పనిచేయనప్పుడు బయటపడుతుంది. ఆ బ్యాక్టీరియా ఏ వాగు నుంచి వచ్చిందో రోగి బంధువులకు ఎవరూ చెప్పలేరు. వాసన వచ్చే కాలుష్యం మీద ఊరు ధర్నా చేస్తుంది. ఇలాంటి కాలుష్యానికి ధర్నా చేసే ఊరు లేదు.

పలచబడితే పోతుందా

పైపులైన్ వెనుక ఉన్న ఆలోచన పలచన చేయడం. పైపు వేసిన నాటికి అంబర్‌పేట ప్లాంటు సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. పటాన్‌చెరు నుంచి 15 లక్షల లీటర్లు వస్తే అవి రెండు వందల ఇరవై ఐదు రెట్లకు పైగా పలచబడతాయి. లవణాల విషయంలో ఇది నిజంగానే కొంత ఉపశమనం. ఉప్పు ఎంత పలచబడితే పంటకు అంత మేలు.

యాంటీబయాటిక్‌ల లెక్క వేరు. బ్యాక్టీరియాలో నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీటిలో ఎంత మందు దాటకూడదో శాస్త్రవేత్తలు 2016లో అంచనా వేశారు. సిప్రోకు ఆ హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). 2007లో కొలిచిన నీటినే ఉదాహరణగా తీసుకుని, పైపులో మధ్యదారిలో మందు ఏమీ విచ్ఛిన్నం కాదని అనుకుంటే, అంబర్‌పేటలో పలచబడ్డాక లీటరుకు సుమారు 137 మైక్రోగ్రాములు మిగులుతుంది. హద్దుకు రెండు వేల రెట్లకు పైనే. ఇది చేతిలెక్కే. అసలు నీటిలో కొంత బురదకు అంటుకుంటుంది, కొంత విచ్ఛిన్నమవుతుంది, తర్వాతి ఏళ్లలో ప్లాంట్లు మెరుగుపడ్డాయి కూడా. అయినా పలచన చేయడం మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పడానికి ఈ లెక్క చాలు. పైగా ఈసారి కలుస్తున్నది మహానగరం మొత్తం మురుగుతో. పటాన్‌చెరు ట్యాంకులో చిన్నగా జరిగిన కలయికే పెద్ద ట్యాంకులో జరిగే అవకాశం ఏర్పడింది.

అంబర్‌పేట దాటాక మూసీ పీర్జాదిగూడ, పర్వతాపురం మీదుగా యాదాద్రి, నల్గొండ జిల్లాల్లోకి పోతుంది. ఆ నది ఒడ్డున పశువుల మేతకు పారాగడ్డి పెంచుతారు. ఇంకాస్త కిందికి పోతే కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద వరి. ఏడాది పొడవునా నీరుండే నది కావడంతో రైతులకు మూసీ వదులుకోలేని ఆధారం. ఆ నీటికి వాళ్లు అనుమతి ఇచ్చిందీ లేదు, వద్దనగలిగిందీ లేదు. పటాన్‌చెరు రైతు పోరాడి తన వాగులో భారం కొంత తగ్గించుకున్నాడు, అది న్యాయమైన గెలుపు. అందులో ఒక వాటా భువనగిరి వైపు రైతు పొలానికి మళ్లింది, ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సముద్రం దగ్గరున్న చోట ఇదే ఆలోచన ఇంకో రూపంలో ఉంది. అనకాపల్లి జిల్లా పరవాడ ఫార్మా సిటీ శుద్ధి చేసిన నీటిని పైపు ద్వారా బంగాళాఖాతంలోకి పంపుతుంది. సముద్రంలో లవణాల సమస్య ఉండదు, నిజమే. సాల్వెంట్లు, యాంటీబయాటిక్‌లు అనే మిగతా రెండు సమస్యలు ఉంటాయి. చూసేవాళ్లు మత్స్యకారులు మాత్రమే.

గట్టి వ్యర్థం సంగతి

నీటి నుంచి తీసిన విషం మాయం కాదు, బురదగా మారుతుంది. సాల్వెంట్‌ను మళ్లీ వాడుకోవడానికి మరిగించి పట్టుకున్నాక గిన్నె అడుగున నల్లటి తారులాంటి ముద్ద మిగులుతుంది. గడువు తీరిన మందు, వాడేసిన కార్బన్, ఖాళీ డ్రమ్ములు, వీటన్నిటికీ ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వర్తిస్తాయి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, దాని కింద 1989లో ఈ నిబంధనలు మొదటిసారి వచ్చాయి, ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 నాటివి. మామూలుగా ఫ్యాక్టరీ తన దగ్గర 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. లారీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంతకాలతో ఒక మేనిఫెస్టు నడవాలి. ఎంత బయల్దేరిందో అంతే చేరిందని రుజువు చేసే కాగితం అది. ఈ కాగితం నిజాయితీగా నడిస్తే వ్యర్థం దారిలో తప్పిపోదు. నడవకపోతే వానాకాలం రాత్రి ఏదో ఒక వాగు పక్కన ట్యాంకర్ వాల్వు తెరుచుకుంటుంది. వాగు పొంగుతున్నప్పుడు రంగు తెలియదు, వాసన తెలియదు, తెల్లారేసరికి చేపలు తేలితే తప్ప.

ఉమ్మడి తెలుగు రాష్ట్రంలో మొదటి శాస్త్రీయ పారవేత కేంద్రం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో 2001లో వచ్చింది. డంపింగ్ యార్డుకూ దీనికీ ఉన్న తేడా అడుగున ఉంటుంది. గట్టి బంకమట్టి పొర, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, మళ్లీ అదే జంట, మధ్యలో ఊటనీరు పట్టుకునే పైపులు. వ్యర్థాన్ని తెచ్చినట్టే పారేయరు. ముందు పరీక్షించి, సిమెంటు, సున్నం, బూడిద వంటివి కలిపి విషలోహాలు కరిగి కారకుండా గట్టిపరుస్తారు. పైన కప్పేశాక కూడా దశాబ్దాల పాటు చుట్టూ బోర్లలో నీటిని పరీక్షిస్తూ ఉండాలి. చెప్పాలంటే ఇది కూడా పూర్తి పారవేత కాదు, కాపలాతో కూడిన నిల్వ. కాపలా ఉన్నంతకాలమే భద్రత.

కాల్చడానికి వీలైన వ్యర్థానికి మెరుగైన దారి ఉంది. ప్రమాదకర వ్యర్థాల ఇన్సినరేటర్‌లో రెండో గదిలో 1,100 డిగ్రీల వేడి, అందులో వాయువు కనీసం రెండు సెకన్లు నిలవాలి. ఆ పొగను వెంటనే చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే 200 నుంచి 450 డిగ్రీల మధ్య డయాక్సిన్లు అనే విషరసాయనాలు మళ్లీ పుట్టుకొస్తాయి. సిమెంటు బట్టీలో ఈ ఏర్పాటు సహజంగానే ఉంటుంది. లోపలి పదార్థం 1,450 డిగ్రీలకు చేరుతుంది, మంట ఇంకా వేడిగా ఉంటుంది, సున్నం ఆమ్ల వాయువులను పీల్చేస్తుంది, బూడిద సిమెంటు ముడిగడ్డల్లోనే (క్లింకర్) కలిసిపోతుంది కాబట్టి వేరే గుంత అక్కర్లేదు. సాల్వెంట్ అడుగు ముద్దకు శక్తి విలువ ఎక్కువ, ఆ మేరకు బట్టీలో బొగ్గు ఆదా. నల్గొండ, సూర్యాపేట, పల్నాడు ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు చాలానే ఉన్న తెలుగు నేలకు ఇది అందుబాటులో ఉన్న దారి. క్లోరిన్ ఎక్కువున్న వ్యర్థం మాత్రం బట్టీకి పనికిరాదు, దాన్ని ముందే వేరు చేసి ఉండాలి. మళ్లీ మొదటికే వచ్చాం. విడదీయని వ్యర్థానికి ఏ మంచి దారీ తెరుచుకోదు.

చుక్క బయటకు వదలకపోతే

2010 జనవరిలో కేంద్ర ప్రభుత్వం అత్యంత కలుషితమని తేల్చిన పారిశ్రామిక ప్రాంతాల్లో కొత్త యూనిట్లకు, విస్తరణలకు అనుమతులు ఆపింది. ఆ 43 ప్రాంతాల్లో పటాన్‌చెరు-బొల్లారం ఒకటి, విశాఖపట్నం ఒకటి. ఆ తర్వాత పెద్ద మందుల కంపెనీలు చాలావరకు జీరో లిక్విడ్ డిశ్చార్జ్ దారి పట్టాయి. అంటే ద్రవం ఏదీ గేటు దాటకూడదు. హై టీడీఎస్ నీటిని ముందు స్ట్రిప్పర్‌లోకి పంపి సాల్వెంట్లు తీస్తారు. తర్వాత వరుస ఆవిరి పాత్రల్లో మరిగించి నీటిని ఆవిరిగా వేరుచేస్తారు. చివరికి డ్రయ్యర్‌లో ఉప్పు పొడిగా మిగులుతుంది. ఆ ఆవిరి చల్లారి వచ్చిన నీటిని లో టీడీఎస్ నీటితో కలిపి బ్యాక్టీరియా ట్యాంకులో శుద్ధి చేసి, రివర్స్ ఆస్మోసిస్ (ఆర్ఓ) పొరల గుండా పంపి, బాయిలర్లకూ కూలింగ్ టవర్లకూ వాడుకుంటారు.

ఇది నిజమైన ముందడుగు, కాబట్టే దాని లోపాలు కూడా తెలియాలి. నీటిని మరిగించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి. గేటు దాటని నీటి బదులు గొట్టం దాటిన పొగ, లారీ ఎక్కిన ఉప్పు ఉంటాయి. ఆ ఉప్పు వంటకు, తోళ్లకు పనికొచ్చేది కాదు. అందులో మందు అవశేషాలు ఉంటాయి, అది దుండిగల్ లాంటి చోటుకే పోవాలి. ఉప్పు నీళ్లలో కరిగేది కాబట్టి వాన తగలకుండా దాచాలి. ఖర్చు కూడా తక్కువేం కాదు. రియాక్టర్లు నాలుగైదున్న చిన్న యూనిట్‌కు ఆ ప్లాంటు నడపడం ప్రతి నెలా టెన్షనే. నిఘా లేని రాత్రి అక్కడే ఆశ పుడుతుంది. అందుకే చిన్న యూనిట్లను తిడితే సరిపోదు. వాటి హై టీడీఎస్ నీటిని న్యాయమైన ధరకు తీసుకునే ఉమ్మడి ఆవిరి ప్లాంట్లు, ట్యాంకర్లకు జీపీఎస్, లోపలికి వచ్చిన ముడిసరుకుకూ బయటికి పోయిన వ్యర్థానికీ పొంతన చూసే తనిఖీ ఉండాలి. ఒక కిలో మందుకు ఎంత వ్యర్థం పుట్టాలో కెమిస్ట్రీ ముందే చెబుతుంది. అది కాగితంలో కనబడకపోతే ఎక్కడో నేలలో ఉన్నట్టే.

ఇంట్లో మిగిలిపోయే మాత్రలు ఈ లెక్కలో చాలా చిన్న వాటా. అయినా 2016 ఘన వ్యర్థాల నిబంధనలు గడువు తీరిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లోనే చేర్చాయి. సింకులో పోయకుండా, తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. తీసుకునే చోటు ప్రతి మున్సిపాలిటీలో ఉండాలి, చాలాచోట్ల లేదు. అది అధికారులు చేయాల్సిన పని, ఇంటివాళ్ల మీద నెట్టాల్సింది కాదు.

కొలవనిది కనబడదు

కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఫ్యాక్టరీ కాలువ నుంచి సీసాలో నీరు పట్టుకెళితే ల్యాబ్‌లో మామూలుగా చూసేవి ఆమ్లత, కరిగిన లవణాలు, తేలే మడ్డి, బీఓడీ, సీఓడీ వంటివి. బీఓడీ అంటే ఆ నీటిలోని సేంద్రియాన్ని బ్యాక్టీరియా మూడు నుంచి ఐదు రోజుల్లో తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే కొలత. సీఓడీ అదే పనిని రసాయనంతో చేయించి కొలుస్తుంది. లీటరుకు 31 మిల్లీగ్రాముల సిప్రో ఉన్నా సీఓడీ అంకెలో అది విడిగా కనబడదు. చాలా విషయాల్లో నిబంధనలకు లోబడి ఉన్న నీటిలోనే ఊరంతటికీ సరిపడే యాంటీబయాటిక్ ఉండగలదు. చట్టం అడగని ప్రశ్నకు ల్యాబ్ జవాబు రాయదు.

ఆ ప్రశ్నను అడిగే అవకాశం ఒకసారి వచ్చింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ పరిశ్రమ వ్యర్థజలాల ప్రమాణాలకు ముసాయిదా విడుదల చేసింది. అందులో 121 యాంటీబయాటిక్‌లకు ఒక్కొక్కదానికి హద్దు ప్రతిపాదించింది. ఏ దేశమూ చట్టంలో రాయని పని అది. పరిశ్రమ వర్గాలు అభ్యంతరం చెప్పాయి. ఆ హద్దులు మరీ తక్కువనీ, అంత సూక్ష్మంగా కొలవడం కష్టమనీ వాటి వాదన. ఆ వాదనలో కొంత నిజముంది. మైక్రోగ్రాముల లెక్క కొలిచే యంత్రాలు ప్రతి జిల్లా ల్యాబ్‌లో ఉండవు. కానీ దానికి విరుగుడు ల్యాబులు పెంచడం, గడువు ఇచ్చి దశలవారీగా అమలు చేయడం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి యాంటీబయాటిక్ హద్దులు అందులో లేవు.

2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని చట్టంలో పెట్టాలా వద్దా అన్నది దేశాల ఇష్టం. కొందరు విదేశీ కొనుగోలుదారులు ఇప్పటికే తమకు మందు అమ్మే కంపెనీలను ఈ అంకెలు అడుగుతున్నారు. అలా అడిగినచోట మన కంపెనీలు కొలుస్తున్నాయి, తగ్గిస్తున్నాయి. అంటే చేతగాని పని కాదని తేలింది. ఆ కొలతల కాగితాలు యూరప్‌లోని కొనుగోలుదారుడి టేబుల్ మీదికి పోతాయి. అదే నీళ్లు పారే వాగు ఒడ్డున ఉన్న గ్రామ పంచాయతీకి మాత్రం రావు.

పాత చెరువుల అడుగున ఉన్న బురద మాట ఇంకా మిగిలే ఉంది. పైనుంచి కొత్త నీరు రావడం ఆగినా అడుగు మట్టిలో చేరినవి ఏళ్ల తరబడి నెమ్మదిగా నీటిలోకి దిగుతూనే ఉంటాయి. పూడిక తీసి పొలాలకు చల్లుకోవడం తెలంగాణ రైతుకు తాతల నాటి అలవాటు. పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఇలాంటి చెరువుల మట్టిని మాత్రం పరీక్షించకుండా బండ్లకెత్తితే, యాభై ఏళ్లుగా ఊరు దాటించిన వ్యర్థాన్ని మళ్లీ పొలంలోకి మోసుకొచ్చినట్టవుతుంది. తీసిన పూడిక ఎక్కడికి పోవాలో రాసిన ప్లాన్ ముందు ఉండాలి, జేసీబీ ఆ తర్వాత రావాలి.